పక్క బడి పిల్లలను మా బడిలో కలిపారు, ఇంటికి 500 చందా అడిగితే రచ్చ అయింది

రెండుజడల_నాన్న
మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక మండల కేంద్రం అంచున ఉన్న కాలనీ. అమ్మాయి ఇక్కడి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి. నిరుడు (2024) ఆగస్టులో జరిగిన ఎన్నికల్లో నన్ను కూడా పాఠశాల యాజమాన్య కమిటీలోకి తీసుకున్నారు. ఎన్నిక అంటే పెద్దగా ఊహించుకోకండి. ఎవరు నిలబడతారు అని అడిగితే అందరూ తలలు దించుకున్నారు, నేను కాస్త ఆలస్యంగా దించాను.

ఈ జూన్‌లో మా బడిని మోడల్ ప్రైమరీ చేశారు. కాలువ అవతల చిన్న బడిలోని 3, 4, 5 తరగతులను తెచ్చి ఇక్కడ కలిపారు. తరగతికి ఒక టీచరు వచ్చారు, అది నిజంగా మంచిదే. కానీ బల్లలు పాతవే. మూడో తరగతిలో సగం మంది నేల మీద కూర్చుంటున్నారు. నీళ్ళ కుళాయిల్లో ఒక్కటే పని చేస్తోంది, విరామం గంట కొట్టగానే అక్కడ తోపులాట. రాత్రిళ్ళు ఎవరో వరండాలో చేరి తాగుతున్నారు, పొద్దున ఆయా ఊడ్చేటప్పుడు చీపురు నిండా సీసా పెంకులు.

గ్రాంటు ఇంకా పడలేదని హెచ్‌ఎం మేడం అన్నారు. కమిటీ కూర్చుని, ఇంటికి 500 చొప్పున వేసుకుందాం అనుకుంది. వాట్సాప్ గ్రూపులో పెట్టామో లేదో మొదలైంది. కాలువ అవతలి వాళ్ళు “మా బడి తీసేసి మళ్ళీ మా దగ్గరే వసూలా” అన్నారు. మా వైపు వాళ్ళు “తల్లుల ఖాతాల్లో ప్రభుత్వం వేసే తల్లికి వందనం డబ్బులో 2,000 పట్టుకున్నారు కదా, అదేమైంది” అన్నారు. ఛైర్మన్‌కు కోపం వచ్చి, కట్టని వాళ్ళ పేర్లు గ్రూపులో పెడతానన్నారు. కొందరు తల్లులు గ్రూపు వదిలి వెళ్ళిపోయారు. ఇలాంటిది ఎక్కడైనా జరిగిందా? ఎలా సర్దుకున్నారు?

మధ్యాహ్నం_గంట
ముందు ఛైర్మన్ గారి చేతిలోని ఫోను తీసుకోండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

పాత_హెచ్‌ఎం
పేర్లు పెట్టడం అన్న మాటను ఈ రోజే ఆపించండి. అది మర్యాద సంగతి మాత్రమే కాదు. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం పిల్లలను చేర్చుకునేటప్పుడు ఏ బడీ క్యాపిటేషన్ ఫీజు తీసుకోకూడదు. బడి ప్రకటించిన ఫీజు కాక తీసుకునే ఏ విరాళమైనా, చందా అయినా ఆ నిర్వచనంలోకి వస్తుంది. తీసుకుంటే దానికి పది రెట్ల దాకా జరిమానా. మీ కాలువ అవతలి పిల్లలు చేరింది ఈ జూన్‌లో. ఇప్పుడే వాళ్ళ దగ్గర ‘తప్పనిసరి’ అంటూ 500 తీసుకుంటే, రేపు ఎవరైనా అర్జీ పెట్టుకున్న రోజున సంజాయిషీ రాసుకోవాల్సింది మీ ఛైర్మన్ కాదు, హెచ్‌ఎం.

ఇష్టపడి ఇచ్చేది వేరు. దానికి కమిటీ తీర్మానం, రసీదు, నగదు పుస్తకంలో పద్దు ఉండాలి. ఇంటికి ఇంత అని లెక్క కట్టిన మరుక్షణం అది ఇష్టం కాదు, పన్ను.

వాదన_ప్రియుడు
మాస్టారూ, ఆ సెక్షన్ లక్షలు గుంజే ప్రైవేటు బడుల కోసం పెట్టింది. పాడైన కుళాయి బాగు చేయించుకోవడానికి తలా 500 వేసుకుంటే నేరమా? ఇదే జనం వినాయక చవితి పందిరికి అడిగితే మారుమాట లేకుండా ఇస్తారు. బడికి అడిగితే మాత్రం చట్టం గుర్తొస్తుంది.

కాలిబాట
వాదన గారూ, పందిరికి ఇవ్వకపోతే మా పిల్లవాడిని ఎవరూ వెనక వరుసలో కూర్చోబెట్టరు. బడిలో కూర్చోబెడతారేమో అని భయం. అందుకే పందిరికి ఇచ్చినంత తేలిగ్గా ఇవ్వలేం, ఇవ్వనని అంత తేలిగ్గా చెప్పనూ లేం.

మాది కూడా అలా కలిపేసిన బడే, జిల్లా వేరు. అవతలి వైపు నుంచి ఎలా ఉంటుందో చెబుతాను. పాత బడి మా గుమ్మంలో నిలబడితే కనపడుతుంది. కొత్త బడికి ఇసుక లారీలు తిరిగే పెద్ద రోడ్డు దాటాలి. పెద్దవాడు మూడో తరగతి, వాడు అక్కడ. చిన్నది ఒకటో తరగతి, అది ఇంకా పాత బడిలోనే. పొద్దున వాడిని రోడ్డు దాటించి, వెనక్కి వచ్చి దీన్ని దించి, నేను పనికి చేరేసరికి మేస్త్రీ వేరే వాళ్ళను పెట్టేసుకుంటాడు. ఆటో మాట్లాడదామంటే నెలకు 600 అడుగుతున్నాడు. ఇన్ని పడుతున్న మనిషిని గ్రూపులో ‘మన బడి, మన బాధ్యత, ఇంటికి 500’ అంటే ఎలా ఉంటుంది? మన బడి అని మమ్మల్ని ఎవరు అడిగారు?

మధ్యాహ్నం_గంట
పైన నా జోకు వెనక్కి తీసుకోను కానీ, ఈ పోస్టును ఆ ఛైర్మన్ గారికి చదివి వినిపించండి.

చాక్‌పీసు
కాలిబాట గారూ, ఆటో డబ్బుకు ఒక దారి ఉంది. 1 నుంచి 5 తరగతుల పిల్లలకు కిలోమీటరు నడక దూరంలో బడి ఉండాలన్నది నియమం. అంతకు మించితే సమగ్ర శిక్ష (బడులకు నిధులిచ్చే కేంద్ర పథకం) కింద రవాణా భత్యం అడగవచ్చు, పిల్లవాడికి ఏడాదికి గరిష్ఠంగా 6,000. అది తనంతట తాను రాదు. ఏ ఆవాసం నుంచి ఎంత దూరం, ఎంతమంది పిల్లలు అని హెచ్‌ఎం జాబితా పంపాలి, మండల విద్యాధికారి చూడాలి. జాబితాలో పేరు లేకపోతే ఎవరూ వెతుక్కుంటూ రారు. దూరం కొలిచేటప్పుడు నడిచే దారిని కొలిపించండి. మ్యాపులో గీసిన అడ్డగీత 800 మీటర్లే ఉంటుంది, వంతెన చుట్టూ తిరిగి వచ్చే పిల్లల కాళ్ళకు అది వర్తించదు.

నేను ఎస్‌జీటీని, అంటే ప్రాథమిక తరగతుల టీచరును, కాబట్టి ఇంకో మాట కూడా. కమిటీ వాళ్ళు డబ్బు సంగతి వచ్చేసరికి చాలా చురుగ్గా ఉంటారు. పిల్లవాడు వారానికి మూడు రోజులే వస్తున్నాడు, ఇంటికి వెళ్ళి అడగండి అంటే మాత్రం ఎవరికీ తీరిక ఉండదు.

కాలిబాట
ఈ భత్యం సంగతి మాకెవరూ చెప్పలేదు. రేపే అడుగుతాను.

లెక్కలపుస్తకం
ఒక చిన్న లెక్క. రెండుజడల గారూ, నిరుడు మీ బడిలో ఎంతమంది, ఇప్పుడు ఎంతమంది?

రెండుజడల_నాన్న
నిరుడు 88. ఇప్పుడు 117.

లెక్కలపుస్తకం
అదే అనుకున్నాను. సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంటు, అంటే బడి ఖర్చులకు ఏటా వచ్చే డబ్బు, పిల్లల సంఖ్యను బట్టి ఇస్తారు. 31 నుంచి 100 మంది దాకా ఉన్న బడికి 25,000. 101 నుంచి 250 దాకా 50,000. మీరు వంద దాటింది ఎవరి వల్ల? కాలువ అవతలి పిల్లల వల్ల. అంటే వాళ్ళు వస్తూ వస్తూ మీ గ్రాంటును రెట్టింపు చేసే అర్హత తెచ్చారు. మీరు వాళ్ళను తలా 500 అడిగారు.

యూడైస్‌లో (బడుల, పిల్లల వివరాలు ఎక్కించే ప్రభుత్వ ఆన్‌లైన్ లెక్క) ఈ 117 సరిగ్గా ఎక్కిందో లేదో ముందు చూసుకోండి. పాత బడి పేరు మీదే ఉండిపోయిన పిల్లలు ఉంటే ఇక్కడి లెక్కలోకి రారు. కలిపేసిన చోట్ల ముందుగా తప్పేది ఇదే. ఇంకో సంగతి, ఆ గ్రాంటులో కనీసం పది శాతం స్వచ్ఛతకు ఖర్చు పెట్టాలి. మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే కుళాయిలు అందులోకి వస్తాయి.

వాదన_ప్రియుడు
లెక్క బాగుంది. కానీ ఆ 50,000 ఎప్పుడు పడుతుంది? గ్రాంటు పడేదాకా పిల్లలు దాహంతో ఉంటారా? కుళాయి పాడైంది ఈ రోజు.

లెక్కలపుస్తకం
న్యాయమైన ప్రశ్నే. కుళాయికి ఎంత అవుతుంది? రెండు తలలు, ఒక వాల్వు, ప్లంబరు కూలి. దానికి 117 మంది పిల్లల ఇళ్ళ మీద 500 చొప్పున 58,500 దాకా ఎందుకు? మిగతాది దేనికో ఆ గ్రూపులో ఎవరైనా రాశారా?

రెండుజడల_నాన్న
రాయలేదు. బల్లలు, వాచ్‌మన్, కుళాయి అని మాటల్లో అనుకున్నాం. అంచనా వేయలేదు.

పాత_హెచ్‌ఎం
అసలు రోగం అక్కడుంది. చట్టంలో 22వ సెక్షన్ ప్రకారం పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాల్సింది కమిటీయే. మూడేళ్ళకు ప్రణాళిక, అందులో ఏడాదికి ఒక భాగం, ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం మూడు నెలల ముందు సిద్ధం కావాలి. చాలా బడుల్లో హెచ్‌ఎం ఒక్కరే కూర్చుని నింపి సంతకాలు పెట్టించుకుంటారు. కమిటీ వాళ్ళకు అలాంటి కాగితం ఉందని కూడా తెలియదు. మీ బడిది ఒకసారి తీయించి చూడండి, అందులో బల్లలు అడిగారో లేదో.

నిద్రలేని_అమ్మ
ప్రణాళికల సంగతి సరే. మీటింగులు ఎప్పుడు పెడుతున్నారు? మా దగ్గర పనిరోజు పదకొండు గంటలకు. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలని చట్టం. మా కమిటీ పుస్తకంలో సగానికన్నా ఎక్కువే ఉన్నారు. వరండాలో మాత్రం మోటారు సైకిళ్ళ మీద వచ్చిన భర్తలు. పేరు భార్యది, దస్తూరి భర్తది. ఒకాయన అయితే భార్య పేరు రాస్తూ ఇంటి పేరు దగ్గర ఆగి, పెళ్ళికి ముందుదా తర్వాతదా అని పక్కవాడిని అడిగాడు.

మేము పోట్లాడి మీటింగును బడి విడిచే వేళకు మార్పించాం. ఎలాగూ పిల్లల కోసం వస్తాం కదా, ఇంకో అరగంట ఉంటాం. ఆ నెల మొదటిసారి మరుగుదొడ్డి తలుపు గడియ గురించి ఎవరో మాట్లాడారు. అంతకుముందు ఎప్పుడూ ప్రహరీ, గేటు, ఆర్చి, అంతే.

మధ్యాహ్నం_గంట
ఆర్చి లేకపోతే దాత పేరు ఎక్కడ రాయాలి?

చాక్‌పీసు
దాతల మాట వచ్చింది కాబట్టి. మా బడికి ఒక పెద్దమనిషి గోడ గడియారం ఇచ్చారు. మధ్యలో ఆయన ఫొటో, కింద పేరు, హోదా. అంకెలు అంచున ఎక్కడో చీమల్లా ఉంటాయి. రెండో తరగతి వాళ్ళకు సమయం చెప్పడం నేర్పుతూ ఇప్పుడెంత అని అడిగితే, “చిన్నముల్లు మీసం మీద ఉంది టీచర్, పెద్దముల్లు చెవి దగ్గర” అన్నాడు ఒకడు. చెవి దగ్గర అంటే పది నిమిషాలని మిగతా వాళ్ళకు అర్థమైపోయింది కూడా.

మధ్యాహ్నం_గంట
ఆయనకు చెప్పకండి. రెండో గడియారం ఇస్తారు.

తెల్లకాగితం
ఆ 2,000 సంగతి ఎవరూ తేల్చలేదు. తల్లికి వందనం 15,000 అన్నారు, ఖాతాలో పడింది 13,000. మిగతా 2,000 బడి నిర్వహణకు, మరుగుదొడ్లకు అని చెప్పారు. అంతకుముందు ప్రభుత్వం అమ్మ ఒడి పథకంలోనూ ఇంతే, మొదట 1,000, తర్వాత 2,000. ఏ ప్రభుత్వమైనా అమ్మ డబ్బులోంచే చీపురు కొంటోంది. మరి రెండుజడల గారి బడిలో సీసా పెంకులు ఊడ్చేది ఎవరి జీతంతో? ఆ లెక్క అడగకుండా 500 అడిగితే ఎవరు ఇస్తారు?

వాదన_ప్రియుడు
ఆయా జీతం అందులోంచే కదా. మరుగుదొడ్లు శుభ్రం చేసే మందులు కూడా. డబ్బు కనపడకుండా పోయిందని అనుకోవడం సరికాదు.

తెల్లకాగితం
పోయిందని నేను అనలేదు. లెక్క కనపడలేదు అన్నాను. రెండూ ఒకటి కాదు.

లెక్కలపుస్తకం
దీనికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. కానీ కమిటీ సభ్యులు అలా మొదలుపెట్టడం తలుపు తెరిచి ఉండగా కిటికీలోంచి దూకడమే. బడికి వచ్చిన ప్రతి గ్రాంటు ఎలా ఖర్చయిందో చూడటం విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్‌లో కమిటీకి రాసిపెట్టిన పని. మీటింగులో “నగదు పుస్తకం, వోచర్లు బల్ల మీద పెట్టండి మేడం” అంటే చాలు. నొచ్చుకునేలా కాదు, ప్రతి నెలా మామూలుగా. మొదటిసారి ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత హెచ్‌ఎంలే హాయిగా ఉంటారు, ఎందుకంటే తర్వాత ఎవరైనా మాట అంటే పక్కన సంతకాలు పెట్టిన వాళ్ళు ఉంటారు.

పాత_హెచ్‌ఎం
ప్రభుత్వ బడులను బాగు చేసిన నాడు-నేడు పథకం రోజుల్లో ఇది కొంత అలవాటైంది. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలుపెట్టారు, తొలి విడతలో 15,715 బడులు. పనులు చేయించింది కాంట్రాక్టర్లు కాదు, తల్లిదండ్రుల కమిటీలు. సిమెంటు బస్తాలు లెక్కపెట్టడం, ఇసుక కొలిపించడం, బిల్లు మీద సంతకం పెట్టడం. అప్పుడు నేను సర్వీసులో ఉన్నాను. మా కమిటీలో చదువు రాని ఒక తల్లి ఉండేది. రంగు డబ్బాలు వచ్చిన రోజు మూతలు తీయించి చూసి, రెండింటిలో నీళ్ళు కలిశాయని తిప్పి పంపింది. నాకైతే తెలిసేది కాదు.

వాదన_ప్రియుడు
సగం కట్టి వదిలేసిన గదుల గురించి కూడా చెప్పండి మాస్టారూ.

పాత_హెచ్‌ఎం
అవీ ఉన్నాయి. బిల్లులు ఆగిపోయి, ఇనుప చువ్వలు ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డ గదులు చాలా ఊళ్ళలో ఉన్నాయి. కాదనను.

మధ్యాహ్నం_గంట
ఇక్కడి నుంచి ఏ పార్టీ అన్నది మొదలవుతుంది. దయచేసి కుళాయి దగ్గరికి రండి.

ఉత్తరపుగాలి
తెలంగాణ నుంచి. మా దగ్గర 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. గ్రామ మహిళా సంఘం అధ్యక్షురాలే కమిటీకి అధ్యక్షురాలు, హెచ్‌ఎం కన్వీనర్. నీళ్ళు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్న మరమ్మతులు వాళ్ళ చేతుల మీదుగా జరిగాయి. సంఘం వాళ్ళకు పొదుపు లెక్కలు రాసే అలవాటు ఉంది కాబట్టి వోచరు లేకుండా రూపాయి కదలనివ్వలేదు. అయితే ఒక లోపం ఉంది. సంఘం అధ్యక్షురాలి పిల్లలు ఈ బడిలో చదవాలని లేదు. మా అధ్యక్షురాలి పిల్లలు ఎప్పుడో పెద్దవాళ్ళయిపోయారు. పని జరిగింది, కానీ నాలుగో తరగతిలో ఏం చెబుతున్నారో ఆమెకు పట్టదు.

దూరపు_చుట్టం
నేను బెంగళూరులో ఉంటాను. నేను చదివిన ప్రాథమిక పాఠశాలకు ఏటా ఎంతో కొంత పంపాలని ఉంది, మిత్రులు కూడా సిద్ధం. ఎవరి ఖాతాకు పంపాలో తెలియక ఆగిపోతున్నాం. ఒకసారి ఊళ్ళో ఒక పెద్దాయనకు పంపితే బడికి సరస్వతి విగ్రహం వచ్చింది. మేము అడిగింది గ్రంథాలయానికి పుస్తకాలు.

మధ్యాహ్నం_గంట
చదువుల తల్లే వచ్చింది కదా, ఇక పుస్తకాలు ఎందుకు అనుకుని ఉంటారు.

చాక్‌పీసు
దూరపు చుట్టం గారూ, కేంద్ర విద్యాశాఖ వాళ్ళ విద్యాంజలి పోర్టల్ చూడండి. బడి తనకేం కావాలో అందులో పెడుతుంది. మీరు వస్తువు ఇవ్వవచ్చు, లేదా వచ్చి పాఠం చెప్పవచ్చు. డబ్బు తీసుకోరు, కాబట్టి విగ్రహం భయం లేదు. మీ బడి అందులో నమోదై ఉందో లేదో హెచ్‌ఎంను అడగండి. నమోదై ఉండి ఏమీ అడగని బడులు కూడా ఉంటాయి, ఒక ఫోను చేసి జాబితా పెట్టించండి.

లెక్కలపుస్తకం
పన్ను మినహాయింపు కావాలంటే విరాళాల మినహాయింపు నమోదు (80జీ అంటారు) ఉన్న ట్రస్టు ద్వారానే వెళ్ళాలి, కమిటీ రసీదు పనికిరాదు. అందులోనూ నగదుగా 2,000 దాటి ఇస్తే మినహాయింపు లేదు. మీ కంపెనీకి సీఎస్‌ఆర్ (లాభాల్లోంచి సమాజానికి పెట్టే ఖర్చు) ఉంటే అది ఇంకో దారి, విద్య ఆ జాబితాలో ఉంది. కానీ కంపెనీల వాళ్ళు ఒక్క బడికి కుళాయి బిగించడానికి రారు, పది బడులు కలిపి చూపించమంటారు. మండలంలోని కమిటీలన్నీ కలిసి అడిగితే మాట చెల్లుతుంది.

తెల్లకాగితం
బల్లల గురించి ఎవరూ మాట్లాడలేదు. కాలువ అవతలి బడిలో మూడు తరగతులు ఖాళీ అయ్యాయి కదా. అక్కడి బల్లలు ఏమయ్యాయి?

రెండుజడల_నాన్న
అక్కడే ఉన్నాయి. తాళం వేసిన గదిలో. ఇదే మా ఛైర్మన్ కూడా అన్నారు, ట్రాక్టరు పెట్టి తెచ్చేద్దామని.

కాలిబాట
వద్దు. దయచేసి ఆ పని చేయకండి. మా ఊళ్ళో సరిగ్గా అలాగే బల్లలు తీసుకుపోయారు. తర్వాత ఫ్యాన్లు. ఆ తర్వాత నల్లబల్ల కూడా విప్పుకుపోయారు. ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఉన్న బడి అది, దాన్ని గోదాములా చేశారు. ఖాళీ గది చూసిన తల్లిదండ్రులు ఇక ఇక్కడ చేర్చడం ఎందుకని ప్రైవేటు వ్యాను ఎక్కించారు. అవతలి వాళ్ళ కోపం 500 గురించి అనుకుంటున్నారు మీరు. ట్రాక్టరు మాట కూడా గ్రూపులో పడి ఉంటే, కోపం దాని గురించి.

రెండుజడల_నాన్న
పడింది. చందా మాట కన్నా ముందే పడింది. ఇప్పుడు మీరు చెబుతుంటే వరుస అర్థమవుతోంది.

వాదన_ప్రియుడు
ఇది ఒప్పుకోలేను. వాడని బల్లలు ఒక చోట తాళం వేసి, పిల్లలను ఇంకో చోట నేల మీద కూర్చోబెట్టడం ఏం న్యాయం? బల్ల పిల్లల కోసం, ఊరి పరువు కోసం కాదు. అవే పిల్లలు కూర్చున్న అవే బల్లలు!

కాలిబాట
మీరు చెప్పింది కాగితం మీద సరిగ్గానే ఉంది. ఆ తాళం వెనక ఉన్నది మాకు బల్లలు కాదు. వచ్చే ఏడాది మళ్ళీ నిబంధన మారితే పిల్లలు తిరిగి వస్తారన్న ఆశ. 2022లో 117 జీవో పెట్టి మూడో తరగతి నుంచి హైస్కూలుకు పంపారా లేదా? 2025లో అది తీసేశారా లేదా? మూడేళ్ళలో రెండుసార్లు మారింది, మూడోసారి మారదని ఎవరు చెప్పగలరు?

పాత_హెచ్‌ఎం
కాలిబాట గారు 117 జీవో గుర్తు చేశారు కాబట్టి దారి దొరికింది. రెండుజడల గారూ, 2022లో మీ వైపు 3, 4, 5 తరగతులు దగ్గరి హైస్కూలులో కలిశాయా?

రెండుజడల_నాన్న
మా బడివి కలవలేదు, మా వైపే ఇంకో బడి పిల్లలు అక్కడికి వెళ్ళారు. ఈ ఏడాది తిరిగి వాళ్ళ బడికి వచ్చేశారు.

పాత_హెచ్‌ఎం
అయితే వాళ్ళు అక్కడ దేని మీద కూర్చున్నారు? ఆ తరగతుల కోసం వేసిన బల్లలు ఇప్పుడు హైస్కూలులో మిగిలి ఉంటాయి. చిన్న బడిని కదిలించకుండా అక్కడి నుంచి అడగండి. కమిటీ తీర్మానం చేసి, హైస్కూలు హెచ్‌ఎంకు ఒక ప్రతి, మండల విద్యాధికారికి ఒక ప్రతి. ఆయన ఉత్తరువు ఇచ్చాకే బల్లలు కదపాలి. అక్కడి స్టాక్ రిజిస్టరులో తీసివేత, మీ రిజిస్టరులో చేరిక, రెండూ అదే రోజు పడాలి. నోటి మాట మీద తెచ్చుకుంటే రెండేళ్ళ తర్వాత ఆడిట్‌లో ఇద్దరు హెచ్‌ఎంలు ఇబ్బంది పడతారు.

ఇంకోటి. ఆగస్టు 2024లో తరగతికి ముగ్గురి చొప్పున ఎన్నుకున్నారు. అప్పటి ఐదో తరగతి పిల్లలు ఇప్పుడు బడిలో లేరు. పిల్లలు వెళ్ళిపోతే తల్లిదండ్రుల సభ్యత్వం ఉండదు. అంటే మీ కమిటీలో ఖాళీలు ఉన్నాయి. వాటిని నింపేటప్పుడు కాలువ అవతలి తల్లులు వచ్చేలా చూడండి. అప్పటిదాకా ఆహ్వానితులుగా పిలిచి కూర్చోబెట్టండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వాదన_ప్రియుడు
హైస్కూలు బల్లలు పెద్ద పిల్లల ఎత్తువి. మూడో తరగతి వాళ్ళ కాళ్ళు గాలిలో వేలాడతాయి.

చాక్‌పీసు
నేల మీద కూర్చుని నోటుపుస్తకం మీదికి వంగి రాసే పిల్లల వీపులు చూశారా మీరు? కాళ్ళు వేలాడనివ్వండి. పెద్ద బల్లలు ఐదో తరగతికి ఇచ్చి, వాళ్ళ చిన్నవి కిందికి పంపవచ్చు.

నిద్రలేని_అమ్మ
రాత్రి తాగేవాళ్ళ సంగతి. వాచ్‌మన్‌కు నెలనెలా జీతం ఎక్కడి నుంచి తెస్తారు? 500 ఒక నెలకు సరిపోతుంది, తర్వాత? మా దగ్గర వరండాకు ఎదురుగా పంచాయతీ వీధిదీపం వేయించాం, పోలీస్ స్టేషనులో కమిటీ లెటరుహెడ్ మీద అర్జీ ఇచ్చాం. రాత్రి గస్తీలో ఆ వైపు ఒక చుట్టు తిరుగుతున్నారు. పూర్తిగా ఆగలేదు, కానీ వరండాలోంచి చెట్టు కిందికి మారారు. చెట్టు ప్రహరీకి బయట ఉంది.

మధ్యాహ్నం_గంట
సరిహద్దు సమస్య పరిష్కారం అంటే ఇదే.

రెండుజడల_నాన్న
పది రోజుల తర్వాత రాస్తున్నాను. మీటింగు బడి విడిచే వేళకు పెట్టాం. అవతలి నుంచి ముగ్గురు తల్లులు వచ్చారు, ఒకామె మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. 500 మాట వెనక్కి తీసుకుంటున్నట్టు తీర్మానాల పుస్తకంలో రాశాం. కాలువ అవతలి బడి సామాను ఏదీ కదపబోమని కూడా రాశాం. ఆ వాక్యం రాయమని పట్టుబట్టింది నిలబడ్డ ఆవిడే. ఛైర్మన్ ఇష్టం లేకుండానే సంతకం పెట్టారు, కానీ పెట్టారు.

నగదు పుస్తకం చూశాం. హెచ్‌ఎం మేడం ముఖం మొదట మాడింది. నిరుటి ఖర్చుల్లో తప్పేమీ కనపడలేదు. రెండు వోచర్లు మాత్రం మేడం సొంత డబ్బు పెట్టి, తిరిగి తీసుకోని ఖర్చులవి. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ తెలియదు.

కుళాయి ఆ సాయంత్రమే అయిపోయింది. వచ్చిన వాళ్ళలో ఒకావిడ భర్త ప్లంబరు. సామాను ఖర్చు నలుగురం పంచుకున్నాం, రసీదు రాయించాం. యూడైస్‌లో తొమ్మిది మంది పిల్లలు ఇంకా పాత బడి పేరు మీదే ఉన్నారు, లెక్కలపుస్తకం గారి మాట నిజమైంది. సరిచేయిస్తున్నారు. బల్లలకు తీర్మానం వెళ్ళింది, హైస్కూలు హెచ్‌ఎం “చూద్దాం” అన్నారు.

లెక్కలపుస్తకం
“చూద్దాం” అంటే వారానికి ఒకసారి వెళ్ళి కనపడాలి. ప్రతిసారీ వేరే వాళ్ళు వెళ్ళండి.

తెల్లకాగితం
హెచ్‌ఎం మేడం సొంత డబ్బు సంగతి గ్రూపులో పెట్టారా?

రెండుజడల_నాన్న
వద్దన్నారు మేడం. తీర్మానాల పుస్తకంలో మాత్రం ఆ రెండు వోచర్ల డబ్బు గ్రాంటు పడగానే ఇవ్వాలని రాశాం.

వాదన_ప్రియుడు
ప్లంబరు దొరికాడు కాబట్టి కథ సుఖాంతం. దొరకని బడుల సంగతి ఏమిటి? ఇప్పటికీ నా మాట అదే, ఇచ్చే స్తోమత ఉన్న వాళ్ళు ఇవ్వాలి.

కాలిబాట
ఇవ్వండి. ఎవరు ఇవ్వలేదో లెక్కపెట్టకండి, అంతే.

ఇక్కడి వాళ్ళకు ఒక కబురు. రవాణా భత్యం జాబితా మా బడి నుంచి వెళ్ళలేదట. దారి కొలవడానికి సోమవారం క్లస్టరు సార్ (చుట్టుపక్కల బడులను కలిపి చూసుకునే ఆయన) వస్తానన్నారు. ఆటో అతనికి కూడా చెప్పాను, అతనే నాకన్నా ఆత్రంగా ఉన్నాడు.

చాక్‌పీసు
కొలిచేటప్పుడు మీరూ పక్కన నడవండి. పెద్ద రోడ్డు దాటే చోటు జాబితాలో విడిగా రాయించండి.

ఉత్తరపుగాలి
రెండుజడల గారూ, ఆ తీర్మానంలో ‘సామాను కదపబోము’ అన్న వాక్యం ఎలా రాశారో ఇక్కడ పెట్టగలరా? మా మండలంలోనూ ఇదే పంచాయితీ నడుస్తోంది.

రెండుజడల_నాన్న
పుస్తకం బడిలో ఉంది. రేపు అమ్మాయిని దించేటప్పుడు ఫొటో తీసి, పేర్లు చెరిపి పెడతాను.